బొమ్మలక్కకి 5కి 4 – పిల్లల క్యాన్సర్ వార్డులో చైల్డ్ లైఫ్ సర్వీస్, మా అనుభవం

మాది పర్లాకిమిడి, మొబైల్ షాపు. ఇన్నాళ్ళూ చార్జర్లకీ ఇయర్‌ఫోన్లకీ రివ్యూలు రాశాను, ఇదేమో ఆస్పత్రిలో ఒకావిడ చేసే పనికి రాస్తున్నా, కాబట్టి మాట కాస్త అటూ ఇటూ పోతే ఏమనుకోకండి. వైజాగ్‌లో ఒక ఆస్పత్రి పిల్లల క్యాన్సర్ వార్డులో చైల్డ్ లైఫ్ అని ఒక సర్వీస్ ఉంది, అంటే పిల్లలకి జరగబోయేది ముందుగా వివరించి భయం తగ్గించే పని. ఆస్పత్రి పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, అవి తిరిగి తిరిగి చివరికి ఆవిడ నెత్తినే పడతాయని భయం. 5కి 4 ఇస్తున్నా.

పేషెంట్ మా చెల్లి కూతురు, చిట్టి అంటాం, ఆరేళ్ళు. మా బావ సూరత్‌లో మగ్గాల పని, అందుకని ఆస్పత్రి తిరుగుళ్ళన్నీ మేనమామ మీద పడ్డాయి. మొదట జ్వరం, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, తర్వాత కాళ్ళ మీద నీలం మచ్చలు. మా అమ్మ ఆ మచ్చలు చూసి చిట్టి అన్నయ్యని, వాడికి తొమ్మిదేళ్ళు, "ఒరే గుంటని ఎందుకు కొట్టినావురా" అని రెండు తగిలించింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఊళ్ళో రక్తం పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు బాగా తక్కువ, అక్కడి డాక్టరు రిపోర్టు చూసి ఇంకేమీ మాట్లాడకుండా వైజాగ్ వెళ్ళిపోండి అన్నాడు. గుణుపురం బండెక్కి వచ్చాం. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే అంట, మందుకి లొంగే రకమే కానీ వైద్యం రెండేళ్ళ పైమాటే అన్నారు. ఆరోగ్య కార్డు గొడవ, ఒడిశా వాళ్ళం ఆంధ్రాలో చూపించుకుంటే ఏ కౌంటర్ దగ్గర ఎంతసేపు నిలబడాలి అనేది వేరే పురాణం, ఇంకోసారి రాస్తా.

మేం చేసిన తప్పు ముందు చెప్తా. ఊళ్ళో మొదటి సూది దగ్గర్నుంచీ చిట్టికి మేమంతా ఒకే అబద్ధం చెప్పాం, "చీమ కుట్టినట్టు ఉంటుంది అంతే". ఒక్కోసారి అది కూడా చెప్పకుండా, ఐస్‌క్రీమ్ కొందాం రా అని చంకనేసుకుని లాబ్‌లోకి తీసుకుపోయేవాళ్ళం. మన ఇళ్ళల్లో అందరం ఇదే చేస్తాం కదా, ప్రేమతోనే చేస్తాం. మూడో రోజుకి పిల్ల ఏ గుమ్మం దాటాలన్నా ఏడుపే, బాత్రూమ్‌కి తీసుకెళ్తున్నా కూడా "సూదికా మావా" అని అడిగేది, కాదంటే నమ్మేది కాదు. ఎలా నమ్ముతుంది?

వార్డులో రెండో రోజు ఒకావిడ వచ్చింది, తెల్ల కోటు లేదు, చేతిలో ట్రే లేదు, మెడలో ఐడీ కార్డు మాత్రం ఉంది. మంచం దగ్గర నిలబడి మాట్లాడలేదు, స్టూలు లాక్కుని చిట్టి కళ్ళకి సమానంగా కూర్చుని, "నేను సూది వెయ్యను, మందు ఇవ్వను, నా పని అది కాదు. నువ్వు వద్దంటే వెళ్ళిపోతా" అంది. చిట్టి వద్దంది. ఆవిడ నిజంగానే లేచి వెళ్ళిపోయింది! నాకు కోపం వచ్చింది, ఇదేం డ్యూటీ అనుకున్నా. తర్వాత తెలిసింది ఏంటంటే ఆ వార్డులో పిల్లలు వద్దంటే ఆగేది ఆవిడొక్కతే, డాక్టర్లూ నర్సులూ ఆగలేరు, వాళ్ళ పని అలాంటిది. సాయంత్రం మళ్ళీ వచ్చి అడిగింది, చిట్టి సరే అంది.

ముఖం లేని గుడ్డ బొమ్మ ఒకటి ఇచ్చింది, తెల్లగా, కళ్ళు ముక్కు ఏమీ ఉండవు, పిల్లలే స్కెచ్ పెన్‌తో గీసుకోవాలి. చిట్టి బొట్టు పెట్టి, రెండు జడలు గీసింది. తర్వాత ఆవిడ సూది లేని సిరంజి, దూది, ప్లాస్టర్, సెలైన్ గొట్టం ముక్క ముందు పెట్టి ఇంకేం చెప్పకుండా కూర్చుంది. ఇక చూడండి, మా పిల్ల ఆ బొమ్మని ఒక చేత్తో మంచానికి అదిమి పట్టి, రెండో చేత్తో సిరంజి పెట్టి పొడుస్తూనే ఉంది, ఇరవై సార్లో ముప్పై సార్లో, పొడిచిన ప్రతిసారీ మా అమ్మ గొంతు అచ్చంగా పెట్టి "చీమేనమ్మా, చీమే, అయిపోనాది" అంటోంది. మా చెల్లి లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నా. ఆవిడ మాత్రం ఆపలేదు, సరిచెయ్యలేదు, కాసేపయ్యాక బొమ్మని ఉద్దేశించి "పాపం, దీనికి చీమ కాదని తెలుసేమో" అంది అంతే. చిట్టి పొడవడం ఆపి "తెలుసు" అంది.

ఆ రోజు నుంచి ఆవిడ మాకు బొమ్మలక్క.

తర్వాత రోజు చేతికి కాన్యులా మార్చాలి, అదే, నరంలోకి మందు ఎక్కించడానికి పెట్టి ఉంచేది. బొమ్మలక్క చేసిన పని వరసగా రాస్తా, ఎందుకంటే ఇందులో సగం మీరు ఏ ఊళ్ళో అయినా చేసుకోవచ్చు. ముందు నర్సుకి చెప్పి చేతి మీద తిమ్మిరి క్రీమ్ రాయించింది, లిడోకెయిన్ ప్రిలోకెయిన్ కలిసినది, రాసి పైన ప్లాస్టిక్ అంటించి దాదాపు గంట ఆగాలి, అప్పుడే పనిచేస్తుంది, రాసిన ఐదు నిమిషాలకే పొడిచేస్తే రాయడం దండగ. ఆ గంటలో బొమ్మకి అదే క్రీమ్, అదే ప్లాస్టిక్, అదే కాన్యులా. ఏం జరుగుతుందో చెప్పిన తీరు కూడా చూడండి: "తడి దూదితో తుడుస్తారు, చల్లగా ఉంటుంది. తర్వాత సూది. కొంతమంది పిల్లలు గట్టిగా నొక్కినట్టుందన్నారు, కొంతమంది నొప్పి అన్నారు, నీకెలా ఉందో నువ్వు నాకు చెప్పాలి. సూది బయటికి వచ్చేస్తుంది, లోపల మెత్తటి గొట్టం మాత్రమే ఉంటుంది." ఈ ఆఖరి ముక్క నాకే తెలీదు! ఇన్నాళ్ళూ లోపల సూది ఉండిపోతుందనే అనుకున్నా, చెయ్యి కదిపితే గుచ్చుకుంటుందని పిల్ల రాత్రంతా మోచెయ్యి బిగపట్టుకుని పడుకునేది, దానికీ అదే భయం అన్నమాట. మాది గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు, వాడుక మాట బలం గురించి మాకు ఒకరు చెప్పక్కర్లేదు అనుకునేవాణ్ణి, అది కళ్ళారా చూసింది మాత్రం ఇక్కడే.

మంచం మీద పడుకోబెట్టలేదు. మా చెల్లి ఒళ్ళో, ఛాతీకి ఛాతీ ఆనించి, కాళ్ళు అటూ ఇటూ వేసి వాటేసుకున్నట్టు కూర్చోబెట్టారు, చెయ్యి ఒక్కటి పక్కకి చాపి దిండు మీద. నలుగురు పట్టుకుని అదిమితే పిల్ల ఇంకా తన్నుకుంటుంది, అమ్మ ఒళ్ళో ఉంటే అది పట్టుకోవడం కాదు, ఎత్తుకోవడం. ఇంకో రూలు, గదిలో ఒక్క గొంతే ఉండాలి. మన వాళ్ళ సంగతి తెలుసుగా, ఒకరు ఏడవకమ్మా, ఒకరు అయిపోయింది అయిపోయింది, ఒకరు అటు చూడు పిట్ట, నేనైతే ఫోన్‌లో కార్టూన్ పెట్టి మొహం మీద పెట్టేవాణ్ణి. బొమ్మలక్క మమ్మల్నందరినీ మర్యాదగా నోరు మూయించింది. చిట్టికి చెప్పింది, "ఏడవొచ్చు, అరవొచ్చు, నీ పని ఒక్కటే, చెయ్యి కదపకూడదు". అడిగినవి కూడా నిజంగా ఎంచుకోగలిగినవే అడిగింది, కుడి చెయ్యా ఎడమ చెయ్యా, చూస్తావా తల తిప్పుకుంటావా, లెక్క ఎవరు పెడతారు. సూది వెయ్యనా అని మాత్రం అడగలేదు, వద్దు అంటే ఆపలేం కదా మరి, అలాంటి ప్రశ్న అడగడం మళ్ళీ ఇంకో అబద్ధమే. లెక్క నేనే పెడతా అంది చిట్టి, ఒడియా బడిలో చదువుతోంది కాబట్టి "ఏక, దుయి, తిని", తిని అన్నాక గుచ్చాలి. నర్సు మళయాళం ఆవిడ, పాపం తిని అంటే తినమంటోందేమో అనుకుందట. అందరం నవ్వాం, ఆ నవ్వుల్లోనే అయిపోయింది. ఏడ్చింది, ఏడవలేదని నేను చెప్పను. కానీ చెయ్యి కదపలేదు, అయిపోయాక "నొక్కినట్టు లేదు, నొప్పే" అని రిపోర్టు కూడా ఇచ్చింది.

వెన్నులో మందు ఎక్కించే రోజు ఇంకో గొడవ. మత్తు ఇస్తారు, కాబట్టి డాక్టరు గారు పాపం నెమ్మదిగానే "నిన్ను నిద్రపుచ్చేస్తాం తల్లీ" అన్నారు, పిల్ల ఒక్కసారిగా బిగుసుకుపోయింది, చెల్లి కొంగు వదలదు. ఎవరికీ అర్థం కాలేదు. బొమ్మలక్క పక్కకి తీసుకెళ్ళి నన్ను ఒకటే అడిగింది, ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా అని. మా నాన్న పోయి ఏడాది. అప్పుడు చిట్టికి మేం చెప్పింది, "తాత నిద్రపోయాడమ్మా". అదీ సంగతి. ఆవిడ చిట్టికి విడమరిచి చెప్పింది, తాతది నిద్ర కాదు, తాత చనిపోయారు, శరీరం పనిచెయ్యడం ఆగిపోయింది, నీకిచ్చేది మందు వల్ల వచ్చే మత్తు, పక్కనే ఒక డాక్టరు అదే పని మీద కూర్చుని చూస్తుంటారు, మందు అయిపోగానే లేస్తావు, లేచేసరికి అమ్మ ఇక్కడే ఉంటుంది. తాత మాట అంత సూటిగా చెప్పేసరికి నాకు గొంతు పట్టేసింది, పిల్లకి మాత్రం భయం తీరిపోయింది.

ఇది ఏం చదువక్కా అని ఒకరోజు అడిగా, టీ తాగుతూ. అమెరికాలో ఇది ఒక వృత్తి అంట, పిల్లల పెద్దాస్పత్రుల్లో డాక్టర్లూ నర్సులతో పాటు వీళ్ళూ ఉంటారు, డిగ్రీ, పిల్లల ఎదుగుదల గురించి కోర్సులు, 600 గంటల ఇంటర్న్‌షిప్, మీదట ఒక పరీక్ష పాసైతే సర్టిఫికెట్. వియన్నా నుంచి వెళ్ళిన ఎమ్మా ప్లాంక్ అనే టీచరమ్మ 1955లో క్లీవ్‌లాండ్ సిటీ హాస్పిటల్‌లో ఇలాంటి కార్యక్రమం పెట్టింది, ఆవిణ్ణి ఈ వృత్తికి దారి వేసినవాళ్ళలో ఒకరిగా చెప్పుకుంటారట. డాక్టరు కాదు టీచరు అన్నది నాకు నచ్చింది. మన దగ్గర ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు చాలా తక్కువ, చాలాచోట్ల కౌన్సిలర్లో, వాలంటీర్లో, మనసున్న నర్సులో తెలిసినంత చేస్తుంటారు. బొమ్మలక్కకి కూడా ఆ సర్టిఫికెట్ లేదు, సైకాలజీ చదివి ఇక్కడ ట్రైనింగ్ తీసుకుందట, ఆ మాట దాచలేదు.

ఇప్పుడు ఆ పెద్దోడి, అదే చిట్టి అన్నయ్య సంగతి. పర్లాకిమిడిలో మా అమ్మ దగ్గర ఉన్నాడు, ఫోన్ చేస్తే మాట్లాడడు, అన్నం సరిగ్గా తినట్లేదు, రాత్రి పక్క తడుపుతున్నాడని అమ్మ గోల. మేం అల్లరి అనుకున్నాం. బొమ్మలక్క తనంతట తానే అడిగింది, చిట్టికి అన్నదమ్ములున్నారా, వాళ్ళకి ఏం చెప్పారు అని. ఏం చెప్తాం, చెల్లికి జ్వరం అని చెప్పాం, నెల రోజుల జ్వరం! ఒకసారి తీసుకురమ్మంది. తెచ్చాను. ఇన్ఫెక్షన్ భయానికి వార్డులోకి రానివ్వలేదు, కింద ఆట గది పక్కన వరండాలో కూర్చున్నారు ఇద్దరూ, కాగితం మీద రక్తం గీసింది, ఎర్ర గుండ్రాలు, తెల్ల గుండ్రాలు, చిన్న చుక్కలు ప్లేట్‌లెట్లు. చుక్కలు తక్కువైపోతే ఎవరూ కొట్టకపోయినా ఒంటి మీద నీలం మచ్చలు వస్తాయి అంది. వాడు పెన్సిల్ కింద పెట్టేసి "నేను కొట్టడం వల్ల కాదా" అన్నాడు. నాయనా. నెల రోజులు వాడు ఇది కడుపులో పెట్టుకుని తిరిగాడు, అమ్మమ్మ కొట్టిన రెండు దెబ్బలు వాడి లెక్కలో కోర్టు తీర్పు. ఆవిడ మూడు ముక్కలు చెప్పింది: నువ్వు చేసిన దేనివల్లా ఇది రాలేదు, నువ్వు అనుకున్న దేనివల్లా రాలేదు, ఇది నీకు అంటదు. ఆ మూడూ రాయించి వాడి జేబులో పెట్టింది. ఊరెళ్ళాక వాడు ఆ కాగితం చదివి అమ్మమ్మకి వినిపించాడట, మా అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. ఇంటికి ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

జుట్టు ఊడటం గురించి ముందే చెప్పి కత్తిరించుకోవడం చిట్టి చేతే మొదలుపెట్టించింది, అది పెద్ద కష్టం కాలేదు. కష్టం మా ఊళ్ళో అయింది. మా అమ్మ వీధిలో అందరికీ సింహాచలం మొక్కు తీర్చుకున్నాం అని చెప్పింది, చిట్టి వెళ్ళగానే పక్కింటావిడతో "మొక్కు కాదు, నాకు ల్యుకేమియా, మందుకి ఊడింది, మళ్ళీ వస్తుంది" అనేసింది. అప్పన్న స్వామి ఏమీ అనుకోడు కానీ మా అమ్మ వారం రోజులు వీధిలోకి రాలేదు.

రాయాలా వద్దా అనుకున్న విషయం ఒకటుంది. పక్క బెడ్ బాబు ఒక రోజు లేడు. ఇంటికెళ్ళాడు అని అందరూ అన్నారు. రాత్రి చిట్టి నన్ను అడిగింది, "మావా, నేను చచ్చిపోతానా" అని. మన నోట వెంటనే ఏమొస్తుంది, ఛీ అలాంటి మాటలు అనకూడదు, తథాస్తు దేవతలుంటారు. నేనూ అదే అన్నా. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున్న బొమ్మలక్కకి చెప్తే, ఇంకోసారి అడిగితే ముందు "ఎందుకలా అనిపించింది" అని అడగండి, దాని బుర్రలో ఏముందో మనకి తెలియాలి కదా అంది. చెల్లినీ డాక్టర్నీ అడిగి, వాళ్ళు సరే అన్నాకే ముగ్గురం కూర్చుని మాట్లాడాం. చిట్టి అనుకున్నదేంటంటే ఆ బాబు మందు తాగనని మారాం చేసేవాడు కాబట్టి చచ్చిపోయాడని, తను కూడా నిన్న మందు ఉమ్మేసింది కదా అని. మందు ఉమ్మేసినందుకు కాదు, ఆ బాబుది వేరే జబ్బు, డాక్టర్లు చాలా ప్రయత్నించారు అని బొమ్మలక్క నిజమే చెప్పింది. నీ జబ్బుకి పనిచేసే మందులే ఇస్తున్నారు, ఏదైనా మారితే నీకు చెప్పకుండా దాచం అంది. నీకేం కాదు అని ఒట్టు మాత్రం వెయ్యలేదు. నేను వేసేసేవాణ్ణి.

ఇక ఒక స్టార్ ఎందుకు తగ్గించానో. అంత పెద్ద వార్డుకి ఆవిడ ఒక్కతే, సోమవారం నుంచి శనివారం, సాయంత్రం నాలుగైదు దాకా. పిల్లల రోగం టైమ్ చూసుకుని రాదు కదండీ. ఒక ఆదివారం రాత్రి చిట్టి కాన్యులా ఊడిపోయింది, డ్యూటీలో కొత్తవాళ్ళు, క్రీమ్ స్టాక్ లేదన్నారు, చెల్లిని బయట నిలబెట్టి తలుపేసి నలుగురు పట్టుకుని మూడుసార్లు పొడిచారు. లోపల్నుంచి ఎవరో "చీమ కుట్టినట్టే తల్లీ" అనడం నాకు వినిపించింది. దాంతో నెల రోజుల కష్టం పోయింది, రెండు రోజులు పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు, బొమ్మలక్కతో కూడా. మూడో రోజు బొమ్మ చేతులు రెండూ ప్లాస్టర్‌తో కట్టేసి మంచం కింద పడేసింది, అక్కడ్నుంచి మళ్ళీ మొదలు. ఆ రాత్రి వాళ్ళ మీద నాకు కోపం ఉంది కానీ అసలు కోపం ఎవరి మీదంటే, ఆవిడ పద్ధతి ఆవిడ ఒక్కదానికే తెలిసుంటే చాలనుకున్న మేనేజ్‌మెంట్ మీద. ఇంత మంచి పని చార్టులో ఒక లైన్ రాస్తే రాత్రి నర్సు కూడా చదువుకుంటుంది కదా. నేను ఫిర్యాదు రాసిచ్చాక, ఇప్పుడు మంచం తల దగ్గర ఒక కార్డు తగిలిస్తున్నారు, "క్రీమ్ కావాలి, అమ్మ ఒళ్ళో, లెక్క నేనే" అని చిట్టి భాషలోనే.

ఆట గది చిన్నది, బొమ్మలు తుడిచి తుడిచి రంగులు పోయాయి, మెత్తటి బొమ్మలు ఒకరివి ఒకరికి ఇవ్వరు, ఇన్ఫెక్షన్ గురించి, అది మంచిదే. ఒడియా మాత్రమే వచ్చే కుటుంబాలకి ఇబ్బంది, గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక సవర కుటుంబానికైతే తెలుగూ ఒడియా రెండూ అంతంతమాత్రం, ఆ తల్లికి నేనూ బొమ్మలక్కా కలిసి బొమ్మలతోనే చెప్పాం. విడిగా ఫీజు ఏమీ తీసుకోలేదు. సూరత్‌లో ఉన్న మా బావ గొంతుతో కథ రికార్డు చేయించి ఫోన్‌లో పెట్టించింది కూడా ఆవిడే, స్టెరాయిడ్ మందుకి ఆకలి పెరిగిపోయిన రోజుల్లో రాత్రి రెండింటికి లేచి మూఢీ (మరమరాల) మిక్చర్ కావాలని ఏడుస్తుంటే ఆ కథే దిక్కు. ఉండడానికి చోటు లేనివాళ్ళకి సెయింట్ జూడ్ ఇండియా వాళ్ళ సెంటర్ల గురించీ చెప్తుంది, 2006లో ముంబైలో మొదలైనవి, క్యాన్సర్ వైద్యం జరుగుతున్న పిల్లల కుటుంబాలకి ఉచితంగా ఉండనిస్తారు.

మీ పిల్లల్ని ఎక్కడైనా చేర్చాల్సి వస్తే రిసెప్షన్‌లో చైల్డ్ లైఫ్ ఉందా అని అడగండి, ఆ మాట వాళ్ళకి తెలీకపోతే పిల్లలకి ముందుగా వివరించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగండి. లేకపోతే క్రీమూ, గుడ్డ బొమ్మా, సూది తీసేసిన సిరంజీ మీరే తెచ్చుకోండి.

చిట్టి ఇప్పుడు మెయింటెనెన్స్‌లో ఉంది, అంటే జబ్బు మళ్ళీ రాకుండా చాన్నాళ్ళు మందులు వాడే దశ, రాత్రి మాత్రలు, మధ్యలో రక్తం పరీక్షలు మా ఊళ్ళోనే. మొన్న లాబ్‌లో కొత్త కుర్రాడు సిరంజి వెనక దాచుకుని నవ్వుతూ "ఏం లేదమ్మా, చిన్న చీమ" అన్నాడు. చిట్టి చెయ్యి చాపి దిండు సర్దుకుని, "చీమ కాదు సూది. ముందుకి తీసి చూపించు. నేను తిని అన్నాక గుచ్చు" అంది. కుర్రాడు నా వైపు చూశాడు. చెప్పినట్టు చెయ్యి బాబూ అన్నాను.